పిల్లలు వెళ్ళిపోయాక ఏ దారి? ఉద్యోగమా, చదువా, సేవా, వ్యాపారమా?

మా చిన్నవాడు హాస్టల్‌కు వెళ్ళిన మర్నాడు కూడా పొద్దున్నే ఐదున్నరకు అలారం మోగింది. లేచి కూర్చున్నాను. లేపాల్సినవాళ్ళెవరూ లేరు. ఆ అలారం తీసేయడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లోనే యోగా క్లాసుకు, కొత్త భాష నేర్పే యాప్‌కు, వారాంతపు ఫొటోగ్రఫీ కోర్సుకు డబ్బు కట్టాను. మూడూ మధ్యలోనే మానేశాను. వాటిలో ఏ లోపమూ లేదు. నాకు కావలసింది అది కాదని అప్పటికి తెలియదు, అంతే.

ఈ వయసులో సలహాలకేం కొదవ ఉండదు. "ఏదైనా హాబీ పెట్టుకో." "నలుగురిలో తిరుగు." "ఇన్నాళ్ళూ వాళ్ళ కోసం బతికావు, ఇక నీ కోసం బతుకు." అన్నీ మంచి మాటలే. కానీ జ్వరమా, దెబ్బా, అజీర్తా అని అడక్కుండానే మందుచీటీ రాసిచ్చినట్టుంటాయి. అందుకే ముందు అడగాల్సినవి అడిగి, ఆ తర్వాత ఒక్కో దారిలోకీ వెళ్దాం.

అంతకన్నా ముందు ఒక చిన్న హెచ్చరిక. "ఎంప్టీ నెస్ట్ సిండ్రోమ్" అనే పేరు వినగానే అదో జబ్బేమో అనిపిస్తుంది. కాదు. మానసిక వైద్యులు రోగ నిర్ధారణకు వాడే జాబితాల్లో ఆ పేరుతో వ్యాధి లేదు. పిల్లలు వెళ్తే బెంగ ఉంటుంది, కొన్నాళ్ళకు తగ్గుతుంది. కానీ దిగులు రెండు వారాలు దాటినా రోజంతా వదలకుండా ఉంటే, నిద్రా ఆకలీ పాడైతే, ఇష్టమైనవి కూడా రుచించకపోతే అది డిప్రెషన్ కావచ్చు. అప్పుడు వెళ్ళాల్సింది డాక్టర్ దగ్గరికి. ఆడవాళ్ళ విషయంలో ఇంకో చిక్కుంది. మెనోపాజ్ ఎక్కువమందికి 45–55 ఏళ్ళ మధ్య వస్తుంది, అంటే సరిగ్గా ఇదే సమయంలో. నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు రావడం, ఒంట్లోంచి వేడి ఆవిర్లు రావడం పిల్లల మీద బెంగ వల్ల అనుకుంటాం. అందులో సగం హార్మోన్ల పని కావచ్చు. ఆ సగాన్ని ఏ కోర్సూ నయం చేయదు.

## ముందు, పోయిందేమిటో చూసుకోండి

పిల్లలతో పాటు ఇంట్లోంచి నాలుగు బయటికి వెళ్తాయి. నాలుగూ ఒకే మూటలో వెళ్తాయి కాబట్టి విడివిడిగా కనబడవు.

ఒకరికి మన అవసరం ఉండటం. మనం లేకపోతే ఒక పని ఆగిపోతుందన్న ధీమా. విసుక్కుంటూనే ఇన్నేళ్ళూ దాని మీద నిలబడ్డాం.

రోజుకో ఆకారం. బడి వేళలు, పరీక్షల నెల, సెలవులు. ఇరవై ఏళ్ళుగా వాళ్ళ క్యాలెండరే మన క్యాలెండర్. అది పోతే మంగళవారానికీ శుక్రవారానికీ తేడా ఉండదు.

తోడు. పిల్లలతో కబుర్లే కాదు. వాళ్ళ స్నేహితుల తల్లిదండ్రులు, స్కూలు గేటు దగ్గర పలకరింపులు కూడా. మన స్నేహాలనుకున్నవాటిలో చాలావరకు పిల్లల చేతుల మీదుగా వచ్చినవే. వాళ్ళు వెళ్ళాక ఆ ఫోన్లూ తగ్గుతాయి.

గుర్తింపు. "ఫలానా వాళ్ళమ్మ", "ఫలానా వాళ్ళ నాన్న." మరి ఇప్పుడు ఎవరం?

నలుగురు తల్లిదండ్రులకు ఈ నాలుగూ ఒకే పాళ్ళలో పోవు. మీకు ఏది ఎక్కువగా పోయిందో తెలుసుకోవడానికి ఓ వారం పాటు ఒక పని చేయండి. గుండెలో కలుక్కుమన్న ప్రతిసారీ అది ఏ సమయమో, అప్పుడేం జరిగిందో ఒక్క వాక్యం రాసి పెట్టుకోండి. రోజూ సాయంత్రం ఒకే వేళకు అలా అనిపిస్తే పోయింది దినచర్య. ఆదివారాలు గడవకపోతే తోడు. కొత్తవాళ్ళు "మీరేం చేస్తుంటారు?" అని అడిగినప్పుడు గొంతు తడబడితే గుర్తింపు. ఇక అబ్బాయో అమ్మాయో ఫోన్ చేసి, "ఆ సమస్య నేనే చూసుకున్నాలే అమ్మా" అన్నప్పుడు సంతోషంతో పాటు చిన్న ముల్లు కూడా గుచ్చుకుంటే, పోయింది అవసరం.

నాది ఆఖరిది. యోగా క్లాసులో నేను వెళ్ళినా వెళ్ళకపోయినా ఎవరికీ తేడా లేదు. అందుకే అది నిలవలేదు. ఈ సంగతి తెలిసుంటే ఆ ఫీజు మిగిలేది.

## తర్వాత, దారిని తూచే కొలతలు

లోటు ఏమిటో తెలిశాక కూడా దారి మన బతుకులో ఇముడుతుందా అన్నది చూడాలి. నా లెక్కలో ఐదు ప్రశ్నలున్నాయి.

డబ్బు తెస్తుందా, తింటుందా? పిల్లల చదువు ఖర్చు ఇంకా నడుస్తుండగా, ముసలితనానికి దాచుకున్నది ముట్టుకోవాల్సి వస్తే ఆ దారి ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టండి.

నచ్చకపోతే వెనక్కి రాగలమా? ఈ ప్రశ్న పాతికేళ్ళప్పుడు అంత ముఖ్యం కాదు. యాభైలో ముఖ్యం. ఆరు నెలల్లో మానేయగలిగినదానికీ, ఇల్లు తాకట్టు పెట్టి మొదలుపెట్టినదానికీ పోలికే లేదు.

ఎన్నాళ్ళకు ఫలితం కనబడుతుంది? ఓపిక ఎంతుందో నిజాయితీగా చెప్పుకోండి. అయితే "ఇంకెంత కాలం ఉంది లెండి" అని మాత్రం అనకండి. "మిడ్‌లైఫ్ క్రైసిస్" అనే మాటను 1965లో ఒక వ్యాసంతో వాడుకలోకి తెచ్చిన ఎలియట్ జాక్స్‌కు అప్పటికి 48 ఏళ్ళు. నడివయసులో మనిషికి చావు కనబడటం మొదలవుతుందన్నది ఆ వ్యాసం సారం. అది రాసినాయన ఆ తర్వాత ఇంకో 37 ఏళ్ళకు పైగా బతికారు.

ఒళ్ళు సహకరిస్తుందా? ఇంట్లో రెండో మనిషి ఏమంటారు? ఈ చివరి రెండింటి గురించి సందర్భం వచ్చినప్పుడు చెబుతాను.

| దారి | ప్రధానంగా తీర్చే లోటు | డబ్బు | వెనక్కి రావడం | ఫలితం కనబడటానికి |
|---|---|---|---|---|
| కొన్నాళ్ళు ఏమీ చేయకపోవడం | ఏదీ కాదు (కానీ లోటేమిటో తెలుస్తుంది) | ఖర్చు లేదు | ఎప్పుడైనా | 2–3 నెలలు |
| ఉద్యోగం | దినచర్య, గుర్తింపు | తెస్తుంది | సులువు | వెంటనే, లేదా వెతుకులాటలో నెలలు |
| చదువు | గుర్తింపు, కొంత తోడు | తింటుంది | మధ్యరకం | 1–3 ఏళ్ళు |
| సొంత వ్యాపారం | గుర్తింపు, అవసరం | రెండూ | కష్టం | 2 ఏళ్ళు, ఆ పైన |
| సేవ | అవసరం, తోడు | కొద్దిగా ఖర్చు | సులువు (మనసుకు కష్టం) | వారాలు |
| కళ, చేతిపని | తనతో తాను గడపడం | కొద్దిగా ఖర్చు | సులువు | చెప్పలేం |

పట్టికలో అన్నీ ఒకే ఎత్తున కనబడతాయి. నా దృష్టిలో అవి సమానం కావు.

## ఏమీ చేయకపోవడం

దీన్ని దారుల్లో ఒకటిగా ఎవరూ లెక్కపెట్టరు. నేను మొదట పెట్టాను, ఎందుకంటే నేను చేయనిది ఇదే. పిల్లలు వెళ్ళిన తొలి రెండు మూడు నెలల్లో తీసుకున్న నిర్ణయాలు చాలావరకు బెంగ తీసుకున్న నిర్ణయాలు. ఇల్లు అమ్మేద్దాం, ఊరు మారదాం, ఉద్యోగానికి రాజీనామా ఇద్దాం లాంటివి ఆ రోజుల్లో పెట్టుకోకండి.

ఏమీ చేయకపోవడమంటే సోఫాలో కూలబడి ఫోన్ చూడటం కాదు. ఒక్క నడక మాత్రం పెట్టుకోండి. పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శారీరక శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలకు పని పెట్టే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఏ దారి ఎంచుకున్నా ఈ ఒళ్ళే మోయాలి కాబట్టి దీన్ని విడి దారిగా లెక్కించడం లేదు. ఇది అందరికీ వర్తించే అద్దె లాంటిది, కట్టాల్సిందే.

ఎవరికి నప్పదు? ఒంటరిగా ఉండేవాళ్ళకు. తోడు పోయినవాళ్ళకు ఖాళీ నెలలు మందు కాదు, విషం.

## ఉద్యోగం: తిరిగి వెళ్ళడం, మారడం, పెంచుకోవడం

ఇక్కడ మూడు రకాల మనుషులున్నారు. ఇరవై ఏళ్ళ కిందట మానేసి ఇప్పుడు మళ్ళీ వెళ్దామనుకునేవాళ్ళు, చేస్తున్నదాన్ని వదిలి వేరేదానికి మారదామనుకునేవాళ్ళు, పిల్లల కోసం ఇన్నాళ్ళూ ప్రమోషన్లు వద్దనుకుని ఇప్పుడు ముందుకు వెళ్దామనుకునేవాళ్ళు. ముగ్గురికీ ఒకే సలహా పనికిరాదు.

చాలా ఏళ్ళ విరామం తర్వాత వెళ్ళేవాళ్ళను ఎక్కువగా కుంగదీసేది కొత్త సాఫ్ట్‌వేర్ కాదు. తమకన్నా పదిహేనేళ్ళు చిన్నవాళ్ళ కింద పనిచేయడం. ఇంట్లో అందరికీ చెప్పిన నోటితో ఆఫీసులో ఒకరిని అడిగి చేయాలి. ఇది ముందే మనసుకు ఎక్కించుకుంటే సగం బాధ తగ్గుతుంది. పాత హోదాతోనే మొదలుపెట్టాలనుకుంటే ఎదురుచూపు పొడవవుతుంది. కొద్ది నెలల ఒప్పందపు పనో, సగం రోజు పనో దొరికితే పట్టుకోండి. పూర్తి స్థాయి పని చేయి చాచితే అందేది కాకపోవచ్చు, ఇది మెట్టుగా పనికొస్తుంది. విరామం గురించి ఇంటర్వ్యూలో అడిగితే ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్ళండి. సంజాయిషీ ఎంత పొడవైతే అవతలివాళ్ళ అనుమానం అంత పెరుగుతుంది.

"ఈ వయసులో బుర్ర ఎక్కుతుందా?" అన్న భయం మాత్రం చాలావరకు అనవసరం. వయసుతో బుద్ధి ఎలా మారుతుందో చూడటానికి వార్నర్ షాయ్ 1956లో అమెరికాలోని సియాటెల్‌లో మొదలుపెట్టిన అధ్యయనం దశాబ్దాల పాటు ఆ మనుషులనే మళ్ళీ మళ్ళీ పరీక్షించింది. చూసింది చూసినట్టు చకచకా గుర్తుపట్టే వేగం చిన్న వయసు నుంచే తగ్గుతూ వస్తుంది. పదసంపద, తర్కంతో ఆలోచించి తేల్చడం లాంటివి మాత్రం నడివయసులోనే అత్యుత్తమంగా ఉంటాయని తేలింది. అంటే కొత్త పని నేర్చుకోవడానికి మనకు పాతికేళ్ళవాళ్ళకన్నా కొంచెం సమయం ఎక్కువ పట్టవచ్చు. నేర్చుకున్నాక దాన్ని ఎక్కడ వాడాలో వాళ్ళకన్నా బాగా తెలుస్తుంది.

మంచి ఉద్యోగంలోనే ఉండి దాన్ని వదిలేద్దామనుకునేవాళ్ళకు ఒక ప్రశ్న. విసుగు నిజంగా ఉద్యోగం మీదేనా? ఇంటి వెలితి ఆఫీసు మీదికి పాకిందా? పిల్లలు ఇంట్లో ఉన్నంతకాలం అదే ఉద్యోగాన్ని "పోనీలే" అని చేసుంటే, ఇంకో ఆరు నెలలు ఆగండి.

## చదువు

గుర్తింపు పోయినవాళ్ళకు ఇది బాగా పనిచేస్తుంది. "నేను చదువుకుంటున్నాను" అని చెప్పడంలో ఉన్న హుషారు వేరు. ఎన్నాళ్ళ కిందటో పెళ్ళి వల్లో, డబ్బు లేకో ఆగిపోయిన డిగ్రీ అయితే మరీనూ.

అయితే చదువు రెండు రకాలు. పట్టా కోసం చదివేది ఒకటి, తెలుసుకోవడం కోసం చదివేది ఇంకొకటి. పట్టా కావాలంటే, దాంతో ఏం చేస్తారో ముందే రాసుకోండి. పని కోసమైతే, ఆ పనిలో ఇప్పటికే ఉన్న ఇద్దరితో మాట్లాడాకే ఫీజు కట్టండి. ఆ పట్టా లేకుండానే ఆ పనిలోకి వచ్చామని ఇద్దరూ చెప్తే మీ మూడేళ్ళు మిగిలినట్టే. ఇంటి దగ్గరే ఉండి చదివే దారి ఇప్పుడు కొత్తదేం కాదు. బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ పాత మార్కులతో పనిలేకుండా విద్యార్థులను చేర్చుకుని 1971లో పాఠాలు మొదలుపెట్టింది. ఇప్పుడు చాలా దేశాల్లో అలాంటివి ఉన్నాయి.

తెలుసుకోవడమే కావాలంటే పరీక్షలు లేని చోటికి వెళ్ళండి. 1973లో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో "మూడో వయసు విశ్వవిద్యాలయం" మొదలైంది. తర్వాత బ్రిటన్‌లో దానికి వేరే రూపం వచ్చింది. అక్కడ జీతానికి పాఠం చెప్పేవాళ్ళు లేరు, పరీక్షలూ లేవు. సభ్యుల్లో ఒకరికి తెలిసింది మిగతావాళ్ళకు చెప్తారు. ఈ పద్ధతికి పెద్ద సంస్థ అక్కర్లేదు. ఆరుగురు ఒక గదిలో వారానికోసారి కూర్చుంటే చాలు. చెప్పేవాళ్ళకు అవసరం, వినేవాళ్ళకు తోడు, అందరికీ వారంలో ఒక గుర్తుండే రోజు.

చదువులో ఒక మోసం కూడా ఉంది, చెప్పక తప్పదు. ఒక సర్టిఫికెట్ తర్వాత ఇంకొకటి పోగేసుకుంటూ, ఏదీ మొదలుపెట్టకుండా వాయిదా వేయడానికి అది గౌరవమైన సాకవుతుంది.

## సొంత వ్యాపారం

దీని మీద నాకు కొంచెం పక్షపాతం ఉంది, ప్రతికూలంగా. అందుకే ముందు అనుకూలమైనది చెబుతాను. అమెరికాలో జనాభా లెక్కల విభాగం సమాచారంతో 2020లో ప్రచురించిన ఒక పరిశోధనలో, అన్నింటికన్నా వేగంగా పెరిగిన కొత్త కంపెనీల స్థాపకుల సగటు వయసు 45 అని తేలింది. 30 ఏళ్ళవాళ్ళతో పోలిస్తే 50 ఏళ్ళ స్థాపకుడికి అంతటి విజయం దక్కే అవకాశం దాదాపు రెట్టింపు. వ్యాపారం కుర్రాళ్ళ ఆట అన్న మాట నిలబడదు.

కానీ అదే పరిశోధన ఇంకోటి కూడా చెప్పింది. ఆ రంగంలో ముందే పనిచేసిన అనుభవం ఉన్నవాళ్ళకే అవకాశాలు బాగా ఎక్కువ. ఇక్కడే చాలామంది జారిపడతారు. ఇరవై ఏళ్ళు లెక్కలు చూసినవాళ్ళు లెక్కలకు సంబంధించిన సేవ పెట్టరు, ఎన్నడూ చేయని బట్టల దుకాణం పెడతారు, కొత్త జీవితం కదా అని. చేతిలో ఉన్న విద్యను వదిలి, చేతిలో ఉన్న డబ్బుతో దిగడం అది.

దిగాలనుకుంటే రెండు షరతులు పెట్టుకోండి. పోయినా వృద్ధాప్యం తల్లకిందులు కానంత మొత్తమే పెట్టాలి. ఆ మొత్తం ఎంతో భార్యాభర్తలిద్దరూ కాగితం మీద రాసి సంతకం పెట్టుకోవాలి. సంతకమెందుకు అని నవ్వకండి. నష్టం వచ్చిన రోజు "నేను అప్పుడే చెప్పాను" అనే మాట రాకుండా ఆపేది ఆ కాగితమే. ఇక, సరుకు కొనకముందే ముగ్గురు డబ్బిచ్చి కొనేవాళ్ళు దొరకాలి. బంధువులు లెక్కలోకి రారు.

## సేవ

ఒకరికి మన అవసరం ఉండటం అనే లోటుకు నేను చూసినంతలో దీనికి మించింది లేదు. ఎరిక్ ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా విభజించాడు. అందులో ఏడోది నడివయసు. ఆ దశలో మనిషి ముందు రెండే ఉంటాయన్నాడు: తర్వాతి తరానికి ఏదో ఒకటి అందించడం, లేదా ఉన్నచోటే నిలవ నీరైపోవడం. సొంత పిల్లలను పెంచడం ఆ అందించడంలో ఒక రూపం మాత్రమే. వాళ్ళు వెళ్ళినంత మాత్రాన ఆ కోరిక వాళ్ళ వెంట వెళ్ళిపోదు. వేరే తలుపు వెతుక్కుంటుంది.

అమెరికాలో "ఎక్స్‌పీరియన్స్ కోర్" అని ఒక కార్యక్రమం నడిచింది. 60 దాటినవాళ్ళు వారానికి 15 గంటల చొప్పున ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకు చదవడంలో సాయం చేయాలి. దీని వెనకాల వైద్యుల ఆలోచన ఉంది. వ్యాయామం చేయండి అంటే పెద్దవాళ్ళు నాలుగు రోజులు చేసి మానేస్తారు. పిల్లలు ఎదురుచూస్తుంటారంటే మాత్రం వర్షంలోనూ నడిచి వస్తారు. నడక, మెట్లెక్కడం, పేర్లు గుర్తుపెట్టుకోవడం, పదిమందితో మాట్లాడటం అన్నీ ఆ ఒక్క కారణం వెనకే వచ్చేస్తాయి. నా యోగా క్లాసు ఎందుకు నిలవలేదో ఇది చదివాకే నాకు పూర్తిగా అర్థమైంది.

ఎంత చేయాలి? 2020లోనే 50 ఏళ్ళు దాటిన దాదాపు 13,000 మంది అమెరికన్ల మీద వచ్చిన అధ్యయనంలో, ఏడాదికి 100 గంటలు, అంటే వారానికి సుమారు రెండు గంటలు, స్వచ్ఛంద సేవ చేసేవాళ్ళలో మరణాల ముప్పు తక్కువగా, జీవితానికి అర్థం ఉందన్న భావన ఎక్కువగా కనబడ్డాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే సేవకు వెళ్తారు కాబట్టి అంతా సేవ మహిమే అనలేం. గమనించాల్సింది ఆ అంకె. రెండు గంటలు. రోజంతా కాదు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, పిల్లల కోసం ఇరవై ఏళ్ళు హద్దు లేకుండా ఇచ్చిన అలవాటు ఇక్కడా బయటపడుతుంది. "కాదు" అనడం రాదు. మొదట వారానికి ఒక పూట, తర్వాత మూడు పూటలు, ఆపైన నిర్వాహకుల గొడవలు కూడా మన నెత్తినే. నేను వెళ్ళిన ఒకచోట ఆరు నెలలయ్యేసరికి అందరి తాళంచెవులూ నా సంచిలో ఉన్నాయి. నిండుగా అనిపించింది, నిజమే. ఒళ్ళు హూనమైంది, అదీ నిజమే. చేరేటప్పుడే గంటలు చెప్పండి. మానేయడం కష్టమని పట్టికలో రాసింది అందుకే. కాగితం మీద ఏ అడ్డూ లేదు, కానీ మీకోసం చూసే ముఖాలుంటాయి.

దినచర్య మాత్రమే పోయినవాళ్ళకు సేవ అంతగా పనిచేయదు. వాళ్ళకు రోజూ వెళ్ళాల్సిన పని కావాలి.

## కళ, చేతిపని

ఇక్కడ లాభనష్టాల లెక్క కుదరదు, కాబట్టి తక్కువే చెబుతాను. అమెరికన్ చిత్రకారిణి గ్రాండ్‌మా మోసెస్ 70ల చివర్లో పట్టుగా బొమ్మలు వేయడం మొదలుపెట్టిందని అందరూ చెప్పుకుంటారు. చెప్పుకోనిది ఇంకోటుంది. అంతకుముందు ఆమె ఎంబ్రాయిడరీ చేసేది. కీళ్ళవాతంతో సూది పట్టుకోవడం బాధగా మారింది. కుంచె సులువుగా ఉంటుందని అటు మళ్ళింది. 101 ఏళ్ళు బతికి 1961లో పోయింది. పూర్తిగా కొత్త మనిషి కావడానికి ఆమె ప్రయత్నించలేదు, పక్క గదిలోకి అడుగుపెట్టింది. మీకూ పదహారేళ్ళప్పుడు ఇష్టంగా చేసి వదిలేసింది ఏదో ఉంటుంది. దాని పక్క గది ఏమిటో చూడండి.

అవసరం, తోడు పోయినవాళ్ళు దీని మీదే పూర్తిగా ఆధారపడకండి. మంచి పని, కానీ ఒంటరి పని.

## దారిలా కనిపించే గొయ్యి

పిల్లల జీవితాన్నే మళ్ళీ పనిగా పెట్టుకోవడం. రోజుకు నాలుగు ఫోన్లు, వాళ్ళ గది ఎలా ఉందో వీడియోలో చూపించమనడం, వాళ్ళ పరీక్షల తేదీలు మన గోడ మీద. దీనికి డబ్బు ఖర్చు లేదు, కొత్తగా నేర్చుకునేదీ లేదు, నాలుగు లోటులూ తీరినట్టే ఉంటుంది. తీరేది మనకే. వాళ్ళకు మాత్రం బరువు. వాళ్ళు అడిగినప్పుడు ఉండటం వేరు, అడిగేలా చేయడం వేరు.

## మీరు ఎవరైతే ఏది?

ఇరవై ఏళ్ళు ఇంట్లోనే ఉన్నవాళ్ళు. సేవతో మొదలుపెట్టి ఉద్యోగానికి వెళ్ళే వరుస నాకు నచ్చుతుంది. సేవలో నెలకొన్న పరిచయాలు, చేతికొచ్చిన పనులే తర్వాత రెజ్యూమెలో మొదటి రెండు వరుసలవుతాయి. డబ్బు వెంటనే కావాలంటే ఈ వరుస వద్దు, నేరుగా చిన్న ఉద్యోగం.

ఉద్యోగం చేస్తూనే పెంచినవాళ్ళు. దినచర్యా, గుర్తింపూ మీ దగ్గర ఉన్నాయి. మీకు ఇంకో పెద్ద పని అవసరం లేదు. వారానికి రెండు గంటల సేవో, ఆరుగురి చదువు గుంపో చాలు. "ఇన్నాళ్ళూ సరిగ్గా సమయం ఇవ్వలేదు" అన్న అపరాధభావం ఉంటే దాన్ని కొత్త పనితో కప్పకండి, పిల్లలతోనే ఓసారి మాట్లాడండి. వాళ్ళకు గుర్తున్నది మనకు గుర్తున్నదానికన్నా మెరుగ్గా ఉండటం నేను చూశాను.

ఒంటరిగా పెంచినవాళ్ళు. మీకు నాలుగూ ఒకేసారి పోతాయి, అందరికన్నా గట్టిగా. ముందు తోడు. మనుషులు ఉండే ఏ పనైనా సరే, నచ్చేది తర్వాత వెతుక్కోవచ్చు.

పెద్దవాళ్ళను చూసుకుంటున్నవాళ్ళు. పిల్లలు వెళ్ళినా మీ చేతులు ఖాళీ కాలేదు. అందరూ "ఇక హాయి కదా" అంటుంటే ఒళ్ళు మండుతుంది. మీరు దేనిలోనూ చేరకండి. వారంలో ఒక పూట వేరేవాళ్ళకు అప్పగించి ఊపిరి పీల్చుకోవడమే ప్రస్తుతానికి మీ దారి.

భార్యాభర్తల్లో ఒకరే మారాలనుకుంటున్నవాళ్ళు. ఒకరికి చదువుకోవాలని, ఇంకొకరికి ఇక విశ్రాంతి కావాలని ఉంటుంది. పిల్లలు ఉన్నంతకాలం వాళ్ళ గురించే మాట్లాడుకుని, ఇప్పుడు ఎదురెదురుగా కూర్చుంటే ఏం మాట్లాడాలో తోచదు. కానీ ఇది చెడే కానక్కర్లేదు. 2008లో అచ్చయిన ఒక అధ్యయనం కొందరు స్త్రీలను 18 ఏళ్ళ పాటు గమనించింది. పిల్లలు ఇల్లు వదిలాక వాళ్ళకు దాంపత్యంలో తృప్తి పెరిగింది. కలిసి గడిపే గంటలు పెరిగినందువల్ల కాదు, గడిపిన ఆ సమయం ఆహ్లాదంగా మారినందువల్ల. అందుకే ఇద్దరూ ఒకే క్లాసులో చేరాల్సిన పనేం లేదు. మావారు నా సేవకు ఒక్కరోజూ రాలేదు. నేను తిరిగొచ్చి చెప్పే కబుర్లకు మాత్రం టీవీ ఆపేస్తారు.

## ఎన్నాళ్ళు చూసి తేల్చుకోవాలి?

లండన్‌లో 96 మంది మీద చేసిన ఒక పరిశోధనలో, రోజూ చేసే కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, ఇంకొందరికి 254 రోజుల దాకా పట్టవచ్చని అంచనా. కాబట్టి మూడు వారాలకే "ఇది నాకు కుదరదు" అనేయడం తొందర. మూడు నెలలు పెట్టుకోండి. ఒకసారికి ఒక్క దారే. ముగింపు తేదీ ఇప్పుడే క్యాలెండర్‌లో రాయండి. ఆ రోజు మొదటి వారంలో రాసుకున్న వాక్యాలు మళ్ళీ తీసి చూడండి. అవే వేళల్లో అదే కలుక్కు ఇంకా ఉంటే, పని ఎంత బాగున్నా అది మీ లోటుకు మందు కాదు. మార్చండి.

ఇంకోటి ముందే అనుకోవాలి: పిల్లలు సెలవులకు వస్తారు. సరిగ్గా మీ క్లాసో, డ్యూటీయో ఉన్న సాయంత్రమే వస్తారు. మొదటిసారి నేను వెళ్ళడం మానేశాను. వాడు వచ్చి, పది నిమిషాలు మాట్లాడి, స్నేహితులను కలవడానికి బయటికి వెళ్ళిపోయాడు. రెండోసారి నేనే వెళ్ళిపోయాను. రాత్రి తిరిగొచ్చేసరికి వాడు తనే వండుకుని తిని, గిన్నెలన్నీ సింకులో వదిలేసి నిద్రపోతున్నాడు.